ఆర్44 నుంచి హెచ్125కి మారుతున్నాను, నగరం మీద కాళ్లు మాట వినడం లేదు

ఎడమపాదం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నాకు ఆర్44 హెలికాప్టర్ మీద 412 గంటలున్నాయి. నెల కిందట ఫ్రెంచ్ హెలికాప్టర్ హెచ్125 మీద శిక్షణ మొదలుపెట్టాను, ఇప్పటికి ఆరు గంటలయ్యాయి. మొదటి మూడు గంటలు ఖాళీ మైదానం మీద. అవి బాగానే గడిచాయి, కొంచెం గర్వం కూడా వచ్చింది. స్టార్ట్ చేయడం ఇంత సులువా అనిపించింది. స్విచ్ తిప్పితే ఇంధనం సంగతి కంప్యూటరే చూసుకుంటుంది. నేను చేయి స్విచ్ మీదే ఉంచి టీ4 అనే ఇంజిన్ వాయువుల ఉష్ణోగ్రత మీద కన్నేసి కూర్చోవాలి, అంతే. హెలికాప్టర్‌ని ముందుకి, వెనక్కి, పక్కలకి వంచే సైక్లిక్ ఆర్44లో సీట్ల మధ్య నుంచి వచ్చే టీ ఆకారపు కడ్డీ, ఇందులో మోకాళ్ల మధ్య నిలువుగా ఉండే కర్ర. అది ఒక్కరోజులో అలవాటైపోయింది.

అలవాటు కానివి ముక్కుని ఎడమకీ కుడికీ తిప్పే పెడల్సే. ఆర్44లో మెయిన్ రోటర్, అంటే పైన తిరిగే పెద్ద రెక్కలు, పైనుంచి చూస్తే అపసవ్యంగా తిరుగుతుంది. పవర్ పెంచితే ముక్కు కుడికి పోతుంది, ఎడమ పెడల్ కావాలి. ఈ ఫ్రెంచ్ మెషీన్‌లో రోటర్ సవ్యంగా తిరుగుతుంది. పవర్ పెంచితే ముక్కు ఎడమకు పోతుంది, కుడి పెడల్ కావాలి. ఇది మొదటి రోజే తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ రాసింది చేయి, తొక్కాల్సింది కాలు.

నాలుగో గంటలో నగరం మీదికి వెళ్లాం. నది ఒడ్డున ఒక హెలిప్యాడ్, దాని వెనక గాజు అద్దాల ఎత్తైన భవనాలు. కుడి ముందు నుంచి 12 నాట్ల గాలి. 60 అడుగుల ఎత్తుకి వచ్చేసరికి వేగం దాదాపు అయిపోయింది. అప్పుడు ప్యాడ్ మీదికి ఎవరో మనిషి నడుచుకుంటూ వచ్చాడు. "దిగొద్దు, పైకి పో" అన్నారు మా ఇన్‌స్ట్రక్టర్. కలెక్టివ్ లాగాను. పవర్ పెంచి పైకి లేపే ఆ ఎడమచేతి కడ్డీని లాగిన క్షణంలోనే నా ఎడమ కాలు దానంతట అదే ముందుకు వెళ్లింది. అసలే ఎడమకు పోతున్న ముక్కుని నేనే ఇంకా ఎడమకు తోశాను. ఎదురుగా ఉన్న గాజు భవనం క్షణంలో కుడి తలుపు పక్కకి వచ్చేసింది. ఇన్‌స్ట్రక్టర్ కుడి కాలు గట్టిగా తొక్కి, "కంట్రోల్ నాది" అని తీసుకున్నారు. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది. తిరుగు దారిలో చూస్తే ఆయన బూట్లు రెండూ పెడల్స్‌కి ఆనుకునే ఉన్నాయి, ఎక్కింది మొదలు దిగేదాకా.

ఆ తర్వాత రెండు గంటలూ నాకు టెన్షనే. మైదానం మీద సరిగ్గా చేసేది నగరం మీద ఎందుకు చేయలేకపోతున్నాను? రేడియోలో వరుసగా మాటలు, కింద ఇళ్లు, కళ్ల ముందు కొత్త స్క్రీన్. వీటన్నిటి మధ్య కాళ్లకి కొత్త అలవాటు ఎలా నేర్పాలి? ఇలా మారినవాళ్లు ఎవరైనా ఉంటే మీరేం చేశారో చెప్పండి. "గంటలు పెరిగితే అదే వస్తుంది" అనకండి, అది మా ఇన్‌స్ట్రక్టర్ చెప్పేశారు.

---

పాతకాపు:

తమ్ముడూ, ముందు ఒక మాట. నీ కాలు తప్పు చేయలేదు. 412 గంటలు నేర్పినదాన్ని నేర్పినట్టే చేసింది. మంచి శిష్యుడు. సమస్య అక్కడే.

నేను నీకు తిరగేసి మారినవాణ్ణి. మొదట ఫ్రెంచ్ మెషీన్లు, తర్వాత ఆర్44లాగే రోటర్ అపసవ్యంగా తిరిగే బెల్ 206. కొత్తలో సాధన కోసం ఆటోరొటేషన్‌లోకి, అంటే ఇంజిన్ పవర్ లేకుండా గాలికి తిరిగే రోటర్‌తోనే దిగడంలోకి, వెళ్తూ కలెక్టివ్ దించాను. పాత లెక్కన ఎడమ కాలు వెళ్లింది, కావాల్సింది కుడి. నడుములు వంకర తిరిగిన పాములా కాసేపు పక్కవాటుగా జారాం. 2000 అడుగుల ఎత్తు ఉంది కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటూ రాస్తున్నాను.

ఆ రోజు నాకు అర్థమైంది ఇది. మామూలుగా మనం పెడల్‌ని కంటితో నడపం, చేతితో నడుపుతాం. కలెక్టివ్ లేచిందంటే ముక్కు కదిలేలోపే కాలు కదులుతుంది. దాన్నే నైపుణ్యం అంటారు. పాత మెషీన్‌లో నిన్ను మంచి పైలట్‌ని చేసిన ఆ ముడే కొత్త మెషీన్‌లో నీ కొంప ముంచుతుంది. కాబట్టి కొన్నాళ్లు ఆ ముడి విప్పెయ్యాలి.

ఎలాగంటే, "పవర్ పెంచితే కుడి" అని బట్టీ పట్టకు. టెన్షన్‌లో బట్టీ పట్టింది మొదట పోతుంది. ఏ దేశపు హెలికాప్టర్ అయినా ఒక్కటి మాత్రం మారదు. కుడి పెడల్ తొక్కితే ముక్కు కుడికి వస్తుంది, ఎడమ తొక్కితే ఎడమకు. మారేది పవర్‌కి ముక్కు ఎటు పోతుందన్నదే. అందుకని దూరంగా ఒక గుర్తు పట్టుకో. భవనం అంచు, టవర్, వంతెన స్తంభం, ఏదైనా. ముక్కు దాని మీద నుంచి జరిగితే, ఎటు రావాలో ఆ కాలు. ఈ పద్ధతిలో కాలు ఒక క్షణం ఆలస్యం అవుతుంది, కానీ తప్పు వైపు వెళ్లదు. ఆలస్యం వల్ల ముక్కు ఐదు డిగ్రీలు ఊగుతుంది. తప్పు కాలు వల్ల ఏమవుతుందో నువ్వే రాశావు.

ఇంకోటి, కలెక్టివ్‌ని లాగడం మానెయ్. కొంచెం లేపు, ముక్కు ఆగనివ్వు, మళ్లీ కొంచెం లేపు. కొన్నాళ్లు నిన్ను చూసి జనం నవ్వుతారు, నవ్వనీ.

ఇక నువ్వు రాసినదాంట్లో నన్ను భయపెట్టింది కాలు కాదు, గాలి. ఆర్44లో తక్కువ వేగంలో ఎడమ నుంచి వచ్చే గాలి, తోక దగ్గర ఉండి ముక్కుని అదుపులో పెట్టే టెయిల్ రోటర్‌ని ఇబ్బంది పెడుతుందని నేర్పి ఉంటారు. రోటర్ తిరిగే దిక్కు మారితే ఆ పాఠం కూడా అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. ఇందులో జాగ్రత్త పడాల్సింది కుడి గాలికి. కుడి నుంచి గాలి, వేగం లేదు, పవర్ ఒక్కసారిగా పెరిగింది, పైగా ఎడమ పెడల్. నాలుగూ ఒకచోట కలిశాయి. ఎప్పుడైనా ముక్కు అడగకుండా ఎడమకు తిరగడం మొదలుపెడితే కుడి పెడల్ చివరికంటా తొక్కి పట్టుకో. సగం తొక్కి, పని చేయట్లేదేమో అని వదిలేయకు. అది పని చేయడానికి టైమ్ పడుతుంది, ఆ లోపు చాలామంది కాలు తీసేస్తారు.

ఆర్44 మీద కూడా ఇంకా ఎగురుతున్నావా? అయితే ఇది అయ్యేదాకా ఆపెయ్.

---

రెక్కలపిచ్చి:

అన్నా, ఎవరెస్టు మీద దిగిన మెషీన్ అది! 2005 మే 14న డిడియే దెల్సాల్ ఏఎస్350 బీ3ని శిఖరం మీద దించాడు. మీ హెచ్125 దాని తర్వాతి రూపమే. అంత పవర్ చేతిలో పెట్టుకుని 60 అడుగుల ఎత్తులో భయమెందుకు?

---

పాతకాపు:

దించింది దెల్సాల్, మెషీన్ కాదు. ఆయన ఆ కంపెనీ టెస్ట్ పైలట్. పవర్ ఎక్కువ ఉండటం ఇక్కడ మేలు కాదు, తమ్ముడూ. ఎంత పవర్ లాగితే ముక్కు అంత గట్టిగా తిరుగుతుంది.

---

గాలివాటం:

ఫ్రెంచ్‌వాళ్లు ఈ మెషీన్‌కి మొదట పెట్టిన పేరు ఎక్యురై, అంటే ఉడుత. కాబట్టి ఉడుతా భక్తిగా నా వంతు.

పాతకాపు గారి మాటతో సగమే ఏకీభవిస్తాను. కంటితో నడపడం మొదటి పది గంటలకి బావుంటుంది. కానీ రాత్రి పూట, నాలుగొందల అడుగుల ఎత్తులో, కింద అంతా దీపాలే అయినప్పుడు ముక్కు ఐదు డిగ్రీలు జరిగినట్టు కంటికి తెలియదు. తెలిసేసరికి ముప్పై అవుతుంది. పాత ముడి విప్పాలి, నిజమే. దాని చోట కొత్త ముడి వేయాలి కదా. నేను ఇంట్లో కుర్చీలో కూర్చుని వేశాను. ఎడమ చేతిలో గొడుగు కర్ర, కాళ్ల కింద రెండు పుస్తకాలు. కర్ర లేపితే కుడి మడమ ముందుకు, దించితే ఎడమ. పిల్లలు వింతగా చూసేవారు. రోజుకి పది నిమిషాలు, మూడు వారాలు. పిచ్చి పనిలా ఉంటుంది, నాకు పనిచేసింది.

ఇక నగరం సంగతి. మైదానంలో వచ్చింది నగరం మీద ఎందుకు పోతోంది అని అడిగారు. మెదడులో ఖాళీ ఉన్నంతసేపు కొత్త అలవాటు నిలబడుతుంది. ఖాళీ అయిపోగానే పాతది వచ్చి కూర్చుంటుంది. కాబట్టి కాళ్లతో కుస్తీ పట్టేకన్నా మెదడులో ఖాళీ పెంచండి.

ఎక్కువ ఖాళీ తినేసేది రేడియో. చాలా నగరాల్లో హెలికాప్టర్లకి గీసిన దారులుంటాయి. లండన్‌లో థేమ్స్ నది మీదుగా వెళ్లే దారి ఉంది. న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద తక్కువ ఎత్తులో వెళ్లేవాళ్లు ఎవరి స్థానం వాళ్లే 123.05 రేడియో ఫ్రీక్వెన్సీలో చెప్పుకుంటూ పోతారు. మీ నగరంలోనూ ఏదో ఒక పద్ధతి ఉంటుంది. దాన్ని ఎక్కే ముందే నేర్చుకోవాలి, గాల్లో కాదు. మ్యాప్ ముందు పెట్టుకుని దారి పొడవునా వేలు జరుపుతూ, ఏ చోట ఎవరిని పిలవాలి, ఏమనాలి అన్నది నోటితో పైకి అనండి. టవర్ ఏం జవాబిస్తుందో అది కూడా మీరే అనండి. పది రకాల జవాబుల్లో తొమ్మిది ముందే తెలిసినవే. ఇంకోటి, తక్కువ వేగంలో ఉన్నప్పుడు టవర్ పిలిస్తే వెంటనే జవాబు ఇవ్వక్కర్లేదు. ముందు మెషీన్ నడపాలి. "స్టాండ్‌బై" అన్న ఒక్క మాట చాలు. కొత్తవాళ్లు ఆ మాట అనడానికి మొహమాటపడతారు, ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

రెండోది బరువు. ఆర్44 ఎంత నింపినా దాదాపు 1134 కిలోలు. మీ ఉడుత 2250 వరకూ పోతుంది. వేగం తగ్గించడం పాత చోటే మొదలుపెడితే ప్యాడ్ దగ్గరికి వేగంగా వస్తారు, చివర్లో ముక్కు ఎత్తి, పవర్ గబుక్కున లాగుతారు. అక్కడ మళ్లీ అదే కాలు. వేగం ముందే తగ్గించుకుంటే చివర్లో లాగే అవసరమే రాదు. మీ కాలి సమస్యలో సగం నిజానికి అర కిలోమీటరు వెనక మొదలవుతోందని నా అనుమానం.

మూడోది భవనాల గాలి. గాలి కొట్టే వైపు పైకి లేపుతుంది, వెనక వైపు కిందికి తోస్తుంది, సుడులు కూడా ఉంటాయి. హెలిప్యాడ్ దగ్గర గాలి సంచి ఒక దిక్కు చూపిస్తుంటే 60 అడుగుల పైన గాలి ఇంకో దిక్కు నుంచి ఉండటం మామూలే. నది మీద అలలు, పొగ, జెండాలు చూడండి. దిగడం కుదరకపోతే ఎటు తప్పుకోవాలో ముందే అనుకోండి.

క్రేన్‌ల గురించి కూడా చెప్పాలి. మ్యాప్‌లో ఉండవు. పోయిన వారం లేని చోట ఈ వారం ఉంటాయి. వాటి చేయి గాలికి తిరుగుతుంది కూడా.

---

స్పానర్:

నేను పైలట్‌ని కాదు, వీటిని బాగుచేసేవాణ్ణి. కాళ్ల గురించి చెప్పలేను. నాకు తెలిసిన కొన్ని సంగతులు చెప్తాను.

స్క్రీన్‌ని చూసి బెదరకండి. ఆర్44లో ఎంత పవర్ లాగొచ్చో ఉష్ణోగ్రత, ఎత్తు పట్టిక చూసి లెక్క కట్టుకునేవారు. ఇందులో ఎఫ్ఎల్ఐ అని ఒకే ముల్లు ఉంటుంది. టార్క్ (ఇంజిన్ తిప్పే బలం), ఎన్జీ (ఇంజిన్ తిరిగే వేగం), టీ4, ఈ మూడింట్లో ఏది హద్దుకి దగ్గరగా ఉంటే దాన్ని చూపిస్తుంది. ఒక్క చూపు చాలు. మిగతా టైమ్ బయట చూడండి. కొత్తగా వచ్చినవాళ్లు మూడు అంకెలూ విడివిడిగా చదువుతూ కూర్చుంటారు.

రెండోది చెవి. ఆర్44లో రోటర్ వేగం 97 శాతానికి పడితే హారన్ మోగుతుంది. ఇందులో రోటర్ నిమిషానికి 360 చుట్లకి తగ్గితే ఆగకుండా మోగుతుంది, 410 దాటితే ఆగి ఆగి మోగుతుంది. తక్కువైతే ఒక మోత, ఎక్కువైతే ఇంకో మోత. నేల మీద ఉన్నప్పుడే ఆ తేడా చెవికి ఎక్కించుకోండి.

వేగంగా, బరువుగా వెళ్తూ గట్టిగా మలుపు తిప్పితే సైక్లిక్ బిగుసుకుని కుడికి, వెనక్కి పోతుంది, కలెక్టివ్ కిందికి దిగుతుంది. హైడ్రాలిక్స్ చెడిపోయాయని అనుకుంటారు. చెడిపోలేదు, కంట్రోల్స్‌కి బలమిచ్చే సర్వోల శక్తి అంతే. దాంతో పెనుగులాడకుండా మలుపు వదులు చేస్తే మామూలుగా అవుతుంది. నది మీద సరదాగా వంకర్లు తిప్పేవాళ్లకి చెప్తున్నాను.

ఆపే ముందు ఇంజిన్‌ని మాన్యువల్ చెప్పినంతసేపు ఐడిల్‌లో ఉంచండి. తొందరగా ఆపి వెళ్లిపోయేవాళ్ల వల్లే నాకు పని.

---

రెక్కలపిచ్చి:

నగరం మీద ఇంజిన్ ఆగిపోతే? ఎవరూ చెప్పలేదు.

---

గాలివాటం:

మంచి ప్రశ్న. ఒకటే ఇంజిన్ కదా. ఆటోరొటేషన్‌లో ముందుకు పోయేది ఎత్తుకి నాలుగు రెట్లు, అటూ ఇటూగా. 1000 అడుగుల నుంచి కిలోమీటరు పైచిలుకు, అదీ గాలి కలిసొస్తే. టైమ్ అర నిమిషం పైన కొంచెం. అందుకే దారులు నదుల మీద, పెద్ద రోడ్ల మీద, పార్కుల అంచున గీస్తారు. నేను నగరం మీద ఉన్నంతసేపూ "ఇప్పుడు ఆగితే అదిగో అక్కడ" అని లోపల అనుకుంటూనే ఉంటాను. ఇరవై సెకన్లకోసారి చోటు మారుతుంది. వాడుకలో ఉన్న ఆటస్థలం లెక్కలోకి రాదు, అక్కడ పిల్లలుంటారు.

ఎడమపాదం గారికి ఇంకొక్క మాట. ఇంజిన్ ఆగినప్పుడు కలెక్టివ్ దించుతారు కదా, ఉడుతలో అప్పుడు ఎడమ పెడల్ కావాలి. మీ పాత కాలు కుడి తొక్కుతుంది. సాధన చేసేటప్పుడు ఎక్కడంతో పాటు దీన్నీ చేయండి.

---

ఎడమపాదం:

మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఇప్పుడు 15 గంటలయ్యాయి.

పాతకాపు గారూ, ఆర్44 ఆపేశాను. దూరపు గుర్తు పద్ధతి మొదటి రోజే పనికొచ్చింది. నది అవతల ఒక పాత పొగగొట్టం ఉంది, దాన్ని పట్టుకున్నాను. ముక్కు తాగినవాడిలా ఊగింది కానీ తప్పు వైపు పోలేదు. కలెక్టివ్‌ని మెట్లు మెట్లుగా లేపుతుంటే ఇన్‌స్ట్రక్టర్ ఒకసారి "నిచ్చెన ఎక్కుతున్నావా" అన్నారు. నవ్వలేదు, అడిగారంతే.

గాలివాటం గారూ, గొడుగు నా దగ్గర లేదు, చీపురు కర్ర వాడాను. మీరు అన్న అనుమానం నిజమే. వేగం ముందే తగ్గించడం మొదలుపెట్టాక చివర్లో లాగే పవర్ బాగా తగ్గింది. నేను రెండు వారాలు కాళ్లని తిట్టుకున్నాను, తప్పు అంతకుముందే జరుగుతోంది. "స్టాండ్‌బై" అన్నాను, మొదటిసారి గొంతు వణికింది. అవతలివాళ్లు ఏమీ అనుకోలేదు.

పూర్తిగా పోయిందా అంటే లేదు. మొన్న ప్యాడ్‌కి ముందు పావురాల గుంపు లేచింది. ఉలిక్కిపడి కలెక్టివ్ లాగాను. ఎడమ కాలు మళ్లీ కదిలింది. కదిలినట్టు నాకు తెలిసింది, ఈసారి మధ్యలో ఆగి వెనక్కి వచ్చింది. ముక్కు పది డిగ్రీలు పోయి నిలబడింది. ఆటోరొటేషన్‌లో ఎడమ పెడల్ మాత్రం ఇంకా ఆలస్యంగానే వెళ్తోంది. వచ్చే వారమంతా అదే చేయిస్తానన్నారు.

స్పానర్ గారూ, టీ4 చల్లారేదాకా కూర్చుంటున్నాను.

నిన్న దిగాక ఒకటి గమనించాను. ఇన్‌స్ట్రక్టర్ బూట్లు పెడల్స్ మీద లేవు. బెత్తెడు వెనక, నేల మీద ఉన్నాయి. ఎప్పటి నుంచి అక్కడ ఉన్నాయో చూడలేదు, ఆ టైమ్‌లో బయటికి చూస్తున్నాను.